ముందున్న సున్నా



ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే బయటపడే ఒక దోషం గురించి ఈ పూట చెప్పాలనుకుంటున్నాను. ఇది కంప్యూటరు ప్రోగ్రాముల్లో ఉండే దోషం. ఫిబ్రవరిలోనో మార్చిలోనో ఎవరో ఒక చిన్న ప్రోగ్రాము రాసి సర్వరులో పెడతారు. ఆ రోజు లెక్కల ఫైళ్ళను ఆ నెల ఫోల్డరులో చేర్చడం, వచ్చే నెలకు కొత్త ఫోల్డరు సిద్ధం చెయ్యడం దాని పని అనుకోండి. జూలై నెలాఖరు దాకా ఠంచనుగా నడుస్తుంది. ఆగస్టు 1న ఆగిపోతుంది. మధ్యలో దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, ఒక్క అక్షరం కూడా మార్చలేదు. ఈలోగా సర్వరును ఆపి మళ్ళీ మొదలుపెడతారు, డిస్కులో చోటు ఉందో లేదో చూస్తారు, అనుమతులు సరిచూస్తారు. అక్టోబరు 1 రాగానే దానంతట అదే నడవడం మొదలవుతుంది. ఏ మందుకు తగ్గిందో ఎవరికీ తెలియదు. మరుసటి ఏడు ఆగస్టులో మళ్ళీ అదే తంతు.

దీనికంతటికీ కారణం ఒక సున్నా. తేదీ రాసేటప్పుడు నెలకు రెండు అంకెలు ఉండాలని ఆగస్టును 08 అనీ, సెప్టెంబరును 09 అనీ రాస్తాం. లినక్స్ సర్వర్లలో తేదీ చెప్పే డేట్ అనే కమాండు కూడా నెలను అడిగితే అలాగే ఇస్తుంది. ఆ 08కి ఒకటి కలపమని బాష్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశారనుకోండి, తొమ్మిది అని చెప్పాల్సింది పోయి అది ఒక ఫిర్యాదు చేస్తుంది: వాల్యూ టూ గ్రేట్ ఫర్ బేస్. ఈ లెక్కకు ఈ అంకె మించిపోయింది అని దాని ఫిర్యాదు. జనవరి నుంచి జూలై దాకా, అంటే 01 నుంచి 07 దాకా, ఏ గొడవా లేదు. అక్టోబరు నుంచి ముందు సున్నాయే ఉండదు. మిగిలినవి ఆ రెండు నెలలే.

నెలల్లోనే కాదు. ప్రతి నెలా 8, 9 తేదీల్లో ఇదే జరగవచ్చు. ప్రతి రోజూ ఉదయం ఎనిమిది గంటలకు మొదలై పది కొట్టేలోపు జరగవచ్చు. ప్రతి గంటలోనూ ఎనిమిదో నిమిషంలో, తొమ్మిదో నిమిషంలో జరగవచ్చు. ఉదయం తొమ్మిదింటికి తప్పు వచ్చిందని ఫోను వస్తే, సాంకేతిక సిబ్బంది పదిన్నరకు వచ్చి నడిపి చూస్తారు. అప్పుడు అంతా సవ్యంగానే ఉంటుంది.

యంత్రం ఎందుకిలా అంటోంది? అంకెకు కుడి పక్కన సున్నా పెడితే విలువ పదింతలవుతుందని, ఎడమ పక్కన ఎన్ని సున్నాలు పెట్టినా విలువ మారదని మనం రెండో తరగతిలోనే నేర్చుకున్నాం. బాష్ భాషకు మాత్రం ఎడమ పక్క సున్నా ఒక సూచన. ముందు సున్నా కనిపిస్తే, ఆ తర్వాత వచ్చే సంఖ్యను పది ఆధారంగా కాక ఎనిమిది ఆధారంగా చదవాలని దాని నియమం. దీన్ని ఆక్టల్ పద్ధతి అంటారు. మన లెక్కలో ఒకట్లు, పదులు, వందలు ఉన్నట్టు అక్కడ ఒకట్లు, ఎనిమిదులు, అరవై నాలుగులు ఉంటాయి. పెద్దవాళ్ళకు పాత అణాల లెక్క గుర్తుండే ఉంటుంది. రూపాయికి పదహారు అణాలు గనుక అణాల గడిలో పదిహేనుకు మించి రాసేవారు కాదు. పదహారో అణా రాగానే అది పక్క గడిలో రూపాయి అయ్యేది. ఆక్టల్ లెక్కలో ఒక్కో గడిలో ఏడుకు మించి రాయకూడదు. ఎనిమిది అయితే పక్క గడిలో ఒకటి పడుతుంది. అందుకే ఆ లెక్కలో ఎనిమిది, తొమ్మిది అనే అంకెలే లేవు. 08 అని రాస్తే, లేని అంకె రాశారని బాష్ అభ్యంతరం చెబుతోంది.

ఇక్కడ శ్రోతలు ఒక సంగతి జాగ్రత్తగా గమనించాలి. 08 అంటే యంత్రం కేక వేసింది. కేక వేసింది కాబట్టి ఎప్పటికైనా ఎవరైనా చూస్తారు. మరి 010 అని ఇస్తే? ఎనిమిదుల గడిలో ఒకటి, ఒకట్ల గడిలో సున్నా. వెరసి ఎనిమిది. పది ఇచ్చి అడిగితే ఎనిమిది అని నిశ్చింతగా చెబుతుంది. ఫిర్యాదు లేదు, హెచ్చరిక లేదు. 08 తెచ్చే తిప్పల కంటే ఈ 010 ఎన్నో రెట్లు ప్రమాదమని నా నమ్మకం. రెండంకెల తేదీల్లో మనకు ఇది ఎదురుకాకపోవడం కేవలం అదృష్టం. ముందు సున్నా ఉన్న రెండంకెల సంఖ్య 00 నుంచి 07 లోపుదైతే రెండు లెక్కల్లోనూ విలువ ఒకటే. 08, 09 అయితే కేక. మౌనంగా తప్పు జరగడానికి అక్కడ చోటు లేదు. మూడంకెలు వచ్చాయంటే ఆ అదృష్టం పోయినట్టే.

మూడంకెల తేదీలు ఎక్కడుంటాయని మీరు అడగవచ్చు. ఉపగ్రహాల సమాచారంలో ఉంటాయి. 1999 డిసెంబరులో నాసా ప్రయోగించిన టెర్రా ఉపగ్రహం మీద మోడిస్ అనే పరికరం ఉంది. నేల మీద పచ్చదనం ఎంత ఉందో అది పదహారు రోజులకొకసారి చొప్పున పటంగా ఇస్తుంది. పంటల పరిస్థితినీ, కరువునూ అంచనా కట్టేవాళ్ళకు ఇది చాలా విలువైన సమాచారం. ఆ ఫైళ్ళ పేర్లలో నెల, తేదీ ఉండవు. సంవత్సరం నాలుగంకెల్లోనూ, ఏడాదిలో అది ఎన్నో రోజు అన్నది మూడంకెల్లోనూ ఉంటాయి. ఆ పచ్చదనం ఫైళ్ళు ఏడాది మొదట్లో 001, 017, 033, 049, 065, 081, 097 అని వరసగా నడుస్తాయి.

ఈ మూడంకెలను పేరులోంచి కత్తిరించి బాష్ చేత లెక్క కట్టిస్తే ఏమవుతుందో చూడండి. 001 సరిగ్గానే ఒకటి. 017, అంటే జనవరి 17, పదిహేనవుతుంది. 033, అంటే ఫిబ్రవరి 2, ఇరవై ఏడవుతుంది. జనవరి 27 అన్నమాట. 049 దగ్గర కేక. 065 మామూలు ఏడాదిలో మార్చి 6, అది యాభై మూడై ఫిబ్రవరి 22గా మారుతుంది. 081, 097 దగ్గర మళ్ళీ కేకలు. 113 నుంచి అంతా సవ్యం. తప్పు వచ్చిన తేదీలన్నీ నమ్మదగ్గ తేదీల్లాగే ఉన్నాయి. జనవరి 15 అని చూస్తే అనుమానించేవారెవరు? పైగా ఈ తప్పు ఒకే మొత్తంలో ఉండదు. జనవరి 17కు రెండు రోజులు, ఫిబ్రవరి 2కు ఆరు రోజులు, మార్చి 6కు పన్నెండు రోజులు తేడా పడింది. సరిగ్గా మన దగ్గర రబీ పంట చేలో ఉండే కాలం ఇది. కేక వేసిన ఫైళ్ళను పక్కన పెట్టేసి, మిగిలినవాటితో గీత గీసి, ఈ ఏడు పంట ముందుగా పచ్చబడిందని ఒకరు నివేదిక రాస్తే ఆ మాట చాలా దూరం వెళుతుంది. పని చెడగొట్టే తప్పు కంటే పని సాగనిచ్చే తప్పుకు నేను ఎక్కువ భయపడతాను.

ఇంతకీ ఈ నియమం ఎవరు పెట్టారు? పెట్టినవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో మరే హిల్ అనే చోట బెల్ ల్యాబ్స్ ఉంది. 1969లో అక్కడ కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ, వారి సహచరులు యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు పునాది వేశారు. వారి చేతికి దొరికిన యంత్రం పీడీపీ-7. ఈనాటి యంత్రాల్లా ఎనిమిది బిట్ల లెక్కన కాకుండా అది 18 బిట్ల పదాలతో పనిచేసేది. బిట్ అంటే సున్నా గానీ ఒకటి గానీ. పద్దెనిమిది సున్నాలూ ఒకట్లూ వరసగా రాస్తే మనిషి కంటికి ఆనవు. వాటిని మూడేసి చొప్పున విడగొడితే ఆరు గుంపులవుతాయి. మూడు బిట్ల గుంపులో సున్నా నుంచి ఏడు దాకా విలువలు పడతాయి. అంటే ఒక్కో గుంపు ఒక్కో ఆక్టల్ అంకె. 18 బిట్లకు ఆరంకెలు, మిగులూ తగులూ లేకుండా సరిపోయాయి. ఆ రోజుల్లో 12 బిట్ల యంత్రాలు, 36 బిట్ల యంత్రాలు కూడా ఉండేవి. అన్నీ మూడుతో భాగింపబడేవే. ఆ తర్వాత వచ్చిన పీడీపీ-11 పదహారు బిట్ల యంత్రం. పదహారు మూడుతో భాగింపబడదు. అయినా దాని ఆదేశాల్లో ఎనిమిది రిజిస్టర్లలో ఏదో చెప్పడానికి మూడేసి బిట్ల భాగాలు ఉండేవి కనుక అక్కడా ఆక్టల్ చదవడమే తేలిక.

అలాంటి యంత్రాలతో రాత్రింబవళ్ళు పనిచేసేవాళ్ళు ఆక్టల్ సంఖ్యలు క్షణక్షణం రాయాల్సి వచ్చేది. దానికి వీలైనంత చిన్న గుర్తు కావాలి. మామూలు సంఖ్య ముందు ఎవరూ సున్నా రాయరు గదా, దాన్నే గుర్తుగా పెట్టుకుందాం అనుకున్నారు. థాంప్సన్ తయారుచేసిన బి భాషలో ఆ పద్ధతి ఉంది. దాన్నుంచి రిచీ రూపొందించిన సి భాషలోకి వచ్చింది. 1978లో వచ్చిన సి భాష మొదటి పుస్తకంలో ఆసక్తి కలిగించే వెసులుబాటు ఒకటి ఉంది. ఆక్టల్ సంఖ్యలో ఎనిమిది, తొమ్మిది అంకెలు రాసినా ఒప్పుకుంటాం, వాటి విలువ ఎనిమిదీ తొమ్మిదీగానే తీసుకుంటాం అన్నారు. అంటే ఆనాటి సి భాషలో 08 అంటే ఎనిమిదే. అయితే 010 అన్నా ఎనిమిదే. 1989లో సి భాషకు ప్రమాణం ఖరారు చేసినప్పుడు ఆ వెసులుబాటు తీసేశారు. అది మంచి పని. రెండు వేరు వేరు రాతలకు ఒకే విలువ రావడం కంటే ఒకదాన్ని కాదనడమే నయం.

సి భాష నేర్చుకున్నవాళ్ళే తర్వాతి భాషలెన్నో తయారుచేశారు. 1987లో పెర్ల్, 1989లో బాష్, 1991లో పైథాన్, 1995లో జావాస్క్రిప్ట్, పీహెచ్‌పీ, రూబీ. ఆరింటిలోనూ ముందు సున్నా అంటే ఆక్టల్ అనే నియమం చేరింది. 18 బిట్ల యంత్రాలు మూలకు చేరిపోయాయి. ఈ భాషలతో పనిచేసేవాళ్ళలో అత్యధికులు జీవితంలో ఒక్కసారైనా ఆక్టల్ సంఖ్య కావాలని రాసి ఉండరు. లినక్స్‌లో ఫైలు అనుమతులు ఇచ్చేటప్పుడు 755, 644 అని రాస్తారే, అదొక్కటే ఆక్టల్‌కు ఈనాడు మిగిలిన నిత్య వ్యవహారం. చదవడం, రాయడం, నడపడం అని మూడు అనుమతులు, మూడు బిట్లు. అక్కడ ఆక్టల్ అందంగా అమరింది. ఆ ఒక్క పని కోసం లోకంలోని తేదీలన్నీ చిక్కులో పడాలా?

భాషల్లో తేడా ఎక్కడుందో చెప్పకపోతే ఈ విషయం సగమే చెప్పినట్టు. ప్రోగ్రాము రాసే మనిషి తన చేత్తో ప్రోగ్రాములో 010 అని రాయడం ఒక ఎత్తు. ఫైలు నుంచో, మనిషి నింపిన ఫారం నుంచో 010 అనే అక్షరాలు రావడం మరో ఎత్తు. మొదటి సందర్భంలో రాసిన మనిషికి భాష నియమం తెలిసి ఉండాలి, తప్పు తనదే. రెండో సందర్భంలో ఆ సున్నా పెట్టినవారికి ఏ భాషా తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. పెర్ల్, పీహెచ్‌పీ భాషలు ఈ తేడా పాటిస్తాయి. ప్రోగ్రాములో రాసిన 010 వాటికి ఎనిమిది, బయటి నుంచి అక్షరాలుగా వచ్చిన 010 వాటికి పది. బాష్‌లో అలా కాదు. అందులో ఏ విలువైనా అక్షరాల వరసే. బయటి నుంచి వచ్చినదాన్ని లెక్కలో పెట్టగానే, రాసినవారు తమ చేత్తో రాసినట్టే చదువుతుంది. బాష్‌లో ఈ దోషం ఇంతగా కనిపించడానికి మూలం అక్కడుంది.

అంతకంటే ఇబ్బంది మరొకటి. బాష్‌లో నెల ఆరు దాటిందా అని జంట బ్రాకెట్లలో ఒక షరతు రాశారనుకోండి. 08 రాగానే అది ఫిర్యాదు చేస్తుంది గానీ ఆగదు. ఆ షరతు నెరవేరలేదని తీర్మానించుకుని ముందుకు పోతుంది. రాత్రిపూట దానంతట అది నడిచే ప్రోగ్రాముల ఫిర్యాదులు చాలాచోట్ల ఎవరూ చదవని ఫైలులోకి పోతుంటాయి. అంటే ఆగస్టులో ఆ ప్రోగ్రాము ఇంకా జూన్‌లో ఉన్నట్టే ప్రవర్తిస్తుంది.

జావాస్క్రిప్ట్ కథ మరోలా ఉంది. వెబ్ పేజీలో ఫారం నింపినప్పుడు అక్షరాలను సంఖ్యగా మార్చడానికి పార్స్‌ఇంట్ అనే సాధనం వాడేవారు. పాత బ్రౌజర్లలో దానికి 08 ఇస్తే ఆక్టల్ అనుకుని, సున్నా దాకా చదివి, ఎనిమిది తన అంకె కాదని అక్కడే ఆగి, సున్నా అని జవాబిచ్చేది. కేక కూడా లేదు. జావాస్క్రిప్ట్‌లో నెలలను సున్నా నుంచి లెక్కపెడతారు కనుక ప్రోగ్రామర్లు దాంట్లోంచి ఒకటి తీసేసేవారు. సున్నాలోంచి ఒకటి తీస్తే మైనస్ ఒకటి. ఆ సంఖ్యను నెలగా ఇస్తే నిరుడు డిసెంబరు అని అర్థం చేసుకునేది. 2008 ఆగస్టు 15 అని నింపితే 2007 డిసెంబరు 15 అయ్యేదన్నమాట. 2009 డిసెంబరులో వచ్చిన ఆ భాష ప్రమాణం ఐదో కూర్పు ఈ సాధనానికి దశాంశ పద్ధతినే ఖాయం చేసింది. దానికి ముందు పదేళ్ళ పాటు, ఆధారం పది అని పక్కన విడిగా చెప్పమని అనుభవజ్ఞులు కొత్తవాళ్ళకు పదేపదే చెప్పాల్సి వచ్చింది. ఆ అలవాటు ఈనాటికీ ఉంది, ఉండటం మంచిదే.

పీహెచ్‌పీలో 2015 దాకా ప్రోగ్రాములో 08 అని రాస్తే మారు మాట్లాడకుండా సున్నాగా తీసుకునేది. ఏడో వెర్షను నుంచి తప్పు అని చెబుతోంది.

నాకు అన్నిటికంటే నచ్చిన నిర్ణయం పైథాన్ వాళ్ళది. 2008 డిసెంబరులో మూడో వెర్షను వచ్చినప్పుడు వాళ్ళు ముందు సున్నాను ఆక్టల్‌గా తీసుకోవడం మానేశారు. అయితే 010ని పది అని కూడా తీసుకోలేదు. ప్రోగ్రాములో అలా రాస్తే అసలు ఒప్పుకోమన్నారు. ఆక్టల్ కావాలంటే సున్నా తర్వాత ఇంగ్లీషు ‘ఓ’ అక్షరం పెట్టండి, దశాంశమైతే సున్నా తీసేయండి అన్నారు. ఎందుకంత పట్టుదల? నిన్నటి దాకా ఎనిమిది అని చదివిన రాతను ఈ రోజు నుంచి పది అని చదివితే, పాత ప్రోగ్రాములన్నీ చడీచప్పుడు లేకుండా విలువ మార్చుకుంటాయి. నిరాకరిస్తే ప్రతి చోటా మనిషి చూసి తేల్చుకోవాల్సి వస్తుంది. బయటి నుంచి అక్షరాలుగా వచ్చిన 010 మాత్రం పైథాన్‌లో మామూలుగా పదే అవుతుంది. అర్థం రెండు విధాలుగా ఉన్న చోట ఊహించకుండా అడగాలన్న ఈ పద్ధతి వల్ల కొందరు విసుక్కున్నారు. ఆ విసుగు భరించదగ్గదే.

ఇప్పుడు మన ఊళ్ళకు వద్దాం. టెలిఫోను ఎస్టీడీ కోడ్‌లు తీసుకోండి. హైదరాబాదుది 040. విజయవాడది 0866, విశాఖపట్నానిది 0891, వరంగల్లుది 0870, తిరుపతిది 0877. వీటిని బాష్‌లో లెక్కలోకి దింపితే విజయవాడ, విశాఖ, వరంగల్లు, తిరుపతి అన్నీ కేక వేస్తాయి, అన్నిటిలోనూ ఎనిమిది ఉంది గనుక. హైదరాబాదు ఒక్కటే కిక్కురుమనకుండా 32 అయిపోతుంది.

జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు రాష్ట్రం కోడ్. తెలంగాణది 36, ఆంధ్రప్రదేశ్‌ది 37. మన దగ్గర ప్రోగ్రాము రాసి మన బిల్లులతో నడిపి చూస్తే ఏ లోపమూ కనిపించదు. రాజస్థాన్ కోడ్ 08, ఉత్తరప్రదేశ్‌ది 09. జైపూరు నుంచి మార్బుల్ తెప్పించిన వ్యాపారి బిల్లు వచ్చిన రోజున ఆ లోపం బయటపడుతుంది. ఢిల్లీ కోడ్ 07, దానికి ఏమీ కాదు. పరీక్షకు ఎంచుకున్న ఉదాహరణల్లో సున్నాతో మొదలయ్యేది లేకపోతే పరీక్ష జరిగినట్టు కాదు.

పిన్ కోడ్‌లలో మనకు ఈ బెడద లేదు. 1972 ఆగస్టు 15న మొదలైన మన పిన్ కోడ్‌లో మొదటి అంకె ఎప్పుడూ 1 నుంచి 9 లోపే. అందుకే ఇక్కడ చాలామంది పిన్ కోడ్‌ను నిరభ్యంతరంగా సంఖ్యగా దాచుకుంటారు. అదే అలవాటుతో అమెరికా చిరునామాలు చేపడితే దెబ్బ తగులుతుంది. న్యూజెర్సీ, మసాచుసెట్స్ రాష్ట్రాల్లో జిప్ కోడ్‌లన్నీ సున్నాతోనే మొదలవుతాయి. తెలుగు కుటుంబాలు చాలా ఉన్న ఎడిసన్‌లో ఒక జిప్ కోడ్ 08820. బాష్‌లో అది కేక. జెర్సీ సిటీలో 07302 ఉంది. అందులో ఏడు దాటిన అంకె లేదు కాబట్టి నోరు మెదపకుండా 3778 అవుతుంది. ఆక్టల్ నియమం పుట్టిన మరే హిల్ జిప్ కోడ్ 07974. ఆ నియమం ప్రకారం చదవబోతే అదీ చెల్లని సంఖ్యే.

ప్రోగ్రాములతో పనిలేనివాళ్ళకు ఈ కష్టం ఎక్సెల్‌లో ఎదురవుతుంది. అక్కడ ఆక్టల్ లేదు, ముందు సున్నాను తీసిపారేయడం ఉంది. 08820 కొడితే 8820 మిగులుతుంది. బ్యాంకు ఖాతా నంబర్లకూ అదే గతి. 2023లో మైక్రోసాఫ్ట్ ఈ తీసివేతను ఆపుకొనే వీలు సెట్టింగుల్లో పెట్టింది. అది లేకపోయినా, నంబర్లు కొట్టకముందే ఆ గళ్ళను టెక్స్ట్‌గా మార్చుకుంటే సున్నా నిలుస్తుంది. కొట్టాక మార్చుకుంటే పోయిన సున్నా తిరిగి రాదు.

ఇవన్నీ చూస్తే ఒక విచక్షణ మనకే అలవడుతుంది. రెండు ఫోను నంబర్లు కూడితే అర్థముందా? పది ఖాతా నంబర్ల సగటు ఎవరికైనా కావాలా? అక్కర్లేకపోతే అది అంకెలతో రాసిన పేరు. పేరుగానే, అక్షరాల వరసగానే దాచాలి. అందులో ముందు సున్నా ఇంటిపేరు అంత ముఖ్యం. నెల, తేదీ, గంట మాత్రం రెండు గుణాలూ ఉన్నవి. ఫైలు పేరులో ఉన్నప్పుడు 08కి ఆ సున్నా కావాలి. లేకపోతే అక్షర క్రమంలో పేర్చినప్పుడు 10 ముందొచ్చి 8 వెనకబడుతుంది. లెక్కలోకి వచ్చినప్పుడు ఆ సున్నా ఉండకూడదు. తేదీల దగ్గరే ఇంతమంది తడబడటానికి ఇదే కారణం. సున్నాను నేను తప్పుపట్టను. పేరు లెక్కగా మారే ఆ గడప దగ్గర ఎవరూ నిలబడి చూడకపోవడమే తప్పు.

తప్పు తేదీ పడటం దగ్గరే ఈ కథ ఆగిపోతే ఇంత చెప్పేదాన్ని కాదు. భద్రత విషయమూ ఉంది. ఇంటర్నెట్‌లో యంత్రాలకు మామూలుగా చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యల చిరునామా ఉంటుంది. 127.0.0.1 అంటే ఏ యంత్రానికైనా తన సొంత చిరునామా. బయటివాళ్ళు సర్వరు చేత సర్వరునే తట్టించి లోపలి సమాచారం లాగకుండా, ఆ చిరునామా వస్తే కాదనమని కాపలా ప్రోగ్రాములు పెడతారు. యునిక్స్ సంప్రదాయంలో ఈ చిరునామాల్లో కూడా ముందు సున్నా అంటే ఆక్టల్. 0177 విలువ 127. కాబట్టి 0177.0.0.1 అని రాసినా అది సొంత చిరునామాయే.

2021లో నెట్‌మాస్క్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీలో లోపం బయటపడింది. అది 0177ను సున్నా తీసేసి 177గా చదువుతోంది. 177.0.0.1 బయటి చిరునామా, ఫరవాలేదని కాపలా ప్రోగ్రాము వదిలేస్తుంది. వెనక ఉన్న మరో ప్రోగ్రాము అదే రాతను ఆక్టల్‌గా చదివి సర్వరు సొంత చిరునామాకే తీసుకుపోతుంది. ఆ ఏడే పైథాన్ ఐపీఅడ్రస్ లైబ్రరీలో, గో భాష లైబ్రరీలో కూడా ఇదే తరహా లోపం బయటపడింది. పైథాన్ 3.9.5 వెర్షను నుంచి ముందు సున్నా ఉన్న చిరునామాను అసలు ఒప్పుకోవడం లేదు. ఇక్కడ ఎనిమిది ఆధారంగా చదవడమో, పది ఆధారంగా చదవడమో తప్పు కాదు. ఒకే రాతను రెండు ప్రోగ్రాములు రెండు రకాలుగా చదివాయి. ఆ సందులోంచి దొంగ దూరవచ్చు.

ప్రమాణాలు మెల్లగా దారికి వస్తున్నాయి. సమాచార మార్పిడికి అందరూ వాడే జేసన్ రూపంలో సంఖ్య ముందు సున్నా రాయడం నిషిద్ధం. టిసిఎల్ భాష తొమ్మిదో వెర్షను 2024లో ముందు సున్నాను ఆక్టల్‌గా తీసుకోవడం మానేసింది. బాష్ మాత్రం మారలేదు. పాత ప్రోగ్రాములు లక్షలాదిగా దాని మీద ఆధారపడి ఉన్నాయి కాబట్టి మారుతుందని కూర్చోవడం తెలివైన పని కాదు.

బాష్‌లో మందు చాలా తేలిక. లెక్కలో పెట్టే విలువకు ముందు 10 అని వేసి, వెంటనే హ్యాష్ గుర్తు పెట్టండి. ఇది పది ఆధారంగా చదువు అని దానికి చెప్పినట్టు. అప్పుడు 08 ఎనిమిదవుతుంది, 010 పదవుతుంది. లినక్స్ డేట్ కమాండులో శాతం గుర్తుకూ నెల అక్షరానికీ మధ్య చిన్న అడ్డగీత పెడితే సున్నా లేకుండానే నెల వస్తుంది. రెండంకెలు కావాలని, అచ్చు వేసే కమాండు ప్రింట్‌ఎఫ్‌కు ఇచ్చేటప్పుడు కూడా జాగ్రత్త. దానికి 08 ఇచ్చి రెండంకెల్లో అచ్చు వెయ్యమంటే, చెల్లని ఆక్టల్ అని ఫిర్యాదు చేసి 00 వేస్తుంది.

ఇంజనీరింగ్ కళాశాలల్లో ప్రోగ్రామింగ్ చెప్పే అధ్యాపకులను నేను ప్రత్యేకంగా కోరుతున్నాను. ఆక్టల్ పద్ధతిని మీరు మొదటి సంవత్సరంలోనే చెబుతారు. దశాంశంలోంచి ఆక్టల్‌లోకి మార్చే లెక్కలు చేయిస్తారు, పరీక్షలో మార్కులు వేస్తారు. అదే తరగతిలో ఐదు నిమిషాలు కేటాయించి, బాష్‌లో 08కి ఒకటి కలిపి చూపించండి, 010కి ఒకటి కలిపి చూపించండి. మొదటిది ఎందుకు మొరాయించిందో, రెండోది ఎందుకు తొమ్మిది అన్నదో పిల్లల చేతనే చెప్పించండి. ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకు ఒక విన్నపం. మీ సర్వర్లలో తేదీతోనో, వరస సంఖ్యతోనో లెక్క కట్టే ప్రోగ్రాములు ఏవేవి ఉన్నాయో వెతకండి. ఒక్కోదానికీ 08, 09, 010 అనే మూడు విలువలూ ఇచ్చి నడిపి చూడండి. మొదటి రెండూ కేక వేసే తప్పును పట్టిస్తాయి, మూడోది మౌనంగా జరిగే తప్పును పట్టిస్తుంది. మూడోదాన్ని మాత్రం వదిలిపెట్టకండి.